ఇంటి గదుల్లో పుట్టిన రికార్డులు

ఇంట్లో పాట రికార్డు చేసుకోవడం కంప్యూటర్లతో మొదలైన సరదా కాదు. 1890ల చివరికే ఎడిసన్ ఫోనోగ్రాఫులు అమెరికా ఇళ్లలోకి చేరాయి. మైనపు సిలిండర్ మీద అచ్చయిన పాటలు వినడంతో పాటు సొంత గొంతు కూడా దాని మీద గీసుకోవచ్చు. నచ్చకపోతే పైపొర గీకేసి మళ్లీ పాడుకోవచ్చు. గ్రామఫోన్ రికార్డుతో ఆ వీలు లేదు, అది వినడానికే. అయితే అప్పటి యంత్రానికి మైకూ లేదు, శబ్దాన్ని పెంచే సాధనమూ లేదు. బాకాలో పడిన శబ్దం తన బలంతోనే సూదిని కదిలించాలి. అందుకే స్టూడియోల్లోనూ గాయకులు బాకాకు ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి పాడేవారు, తారస్థాయి అందుకునేటప్పుడు వెనక్కి జరిగేవారు. వయొలిన్ నాదం చాలడం లేదని ఆగస్టస్ స్ట్రో లండన్‌లో చెక్క డొక్క తీసేసి లోహపు బాకా తగిలించిన వయొలిన్ తయారుచేసి 1899లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. యంత్రాన్ని మార్చలేక వాద్యాన్నే మార్చుకున్న కాలమది. 1925లో మైకుతో రికార్డు చేసే పద్ధతి వచ్చాక ఈ కష్టం తీరింది.

ఇంటి రికార్డింగుకు స్టూడియో స్థాయి తెచ్చినవారిలో ముందు చెప్పుకోవలసింది గిటారిస్టు లెస్ పాల్‌ని. హాలీవుడ్‌లోని తన గ్యారేజీలో కాడిలాక్ కారు ఫ్లైవీల్‌తో డిస్కులు కోసే యంత్రం కట్టుకున్నాడు. ఒక డిస్కు మోగుతుంటే దానితో కలిసి వాయిస్తూ రెండో డిస్కు మీదికి ఎక్కించేవాడు. 1948లో వచ్చిన ‘లవర్’లో వినిపించే గిటార్లన్నీ అలా ఆయన ఒక్కడే వాయించినవి. మరుసటి ఏడు గాయకుడు బింగ్ క్రాస్బీ ఆయనకు ఆంపెక్స్ టేపు రికార్డరు బహుమతిగా ఇచ్చాడు. లెస్ పాల్ దానికి ఇంకో హెడ్ తగిలించి, పాత వాయింపు మీదే కొత్త వాయింపు కలిపే ఏర్పాటు చేసుకున్నాడు. ఇందులో పెద్ద చిక్కుంది. కొత్తది కలిసేటప్పుడు పాతది చెరిగిపోతుంది. పదో పొరలో ఒక తీగ తప్పితే ముందరి తొమ్మిదీ పోయినట్టే. పైగా మళ్లీ మళ్లీ ఎక్కించిన కొద్దీ శబ్దం మసకబారుతుంది. అందువల్ల వెనక వినిపించే వాయింపులు ముందు, ముఖ్యమైన గొంతూ గిటారూ చివర ఎక్కించేవాడు. భార్య మేరీ ఫోర్డ్ మైకుకు అతి దగ్గరగా, మెల్లగా పాడేది. 1951లో వీరి ‘హౌ హై ద మూన్’ అమెరికాలో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉంది.

మూల శబ్దం మీద ఇంతకంటే పట్టు సాధించినవాడు రూడీ వాన్ గెల్డర్. న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో ఆయన తల్లిదండ్రులు 1946లో ఇల్లు కట్టుకున్నప్పుడే, హాలు పక్కన అద్దపు కిటికీతో రికార్డింగు గది కూడా కట్టించారు. (ఇలాంటి తల్లిదండ్రులు అరుదు.) పగలు కళ్లద్దాల పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టుగా ఉంటూ, మిగిలిన వేళల్లో ఆయన ఆ హాల్లోనే జాజ్ రికార్డు చేశాడు. 1953 నుంచి బ్లూ నోట్ కంపెనీ కళాకారులు అక్కడికే వచ్చారు. హాలు కప్పు ఎత్తుగా ఉండడం కలిసొచ్చింది, కానీ అసలు నేర్పు మైకు పెట్టడంలో ఉంది. వాద్యబృందం మొత్తానికి దూరంగా ఒకటో రెండో మైకులు పెట్టడం అప్పటి వాడుక. వాన్ గెల్డర్ జర్మనీ నుంచి వచ్చిన నాయ్‌మన్ యు47 మైకులను శాక్సొఫోన్‌కూ ట్రంపెట్‌కూ బాగా దగ్గరగా జరిపాడు. ఊపిరి, రీడు ఒరిపిడి కూడా వినిపించేలా పట్టుకున్నాడు. మైకులను ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు. వాద్యాలన్నీ అక్కడికక్కడే ఒకే ట్రాకులో కలిసిపోతాయి కనుక, హెచ్చుతగ్గులు వాయిస్తున్న క్షణంలోనే కుదరాలి, తరువాత దిద్దేందుకు ఏమీ మిగలదు. అలా కుదిరినప్పుడు పని వేగంగా సాగేది: 1956 మే 11, అక్టోబరు 26 — ఈ రెండు రోజుల్లో మైల్స్ డేవిస్ బృందం వాయించినది నాలుగు ఆల్బమ్‌లకు సరిపోయింది. థెలోనియస్ మాంక్ ఒక రచనకు ‘హాకెన్‌సాక్’ అని ఊరి పేరే పెట్టాడు. లోపం లేకపోలేదు. ఆ హాల్లో పియానో మూత వేసినట్టు ఇరుకుగా వినిపిస్తుందన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. 1959లో వాన్ గెల్డర్ ఆప్టోమెట్రీ మానేసి ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టాడు.

లండన్‌లో రికార్డు నిర్మాత జో మీక్ దారి వేరు. హాలోవే రోడ్డు 304లో తోలు సామాన్ల దుకాణం పైఅంతస్తులు ఆయన ఇల్లూ స్టూడియో కూడా. అక్కడ ఇల్లే ఒక వాద్యం. ప్రతిధ్వని కోసం గాయకులను స్నానాల గదిలో నిలబెట్టేవాడు. 1964లో వచ్చిన ‘హావ్ ఐ ద రైట్’కు తాళం బలం చాల్లేదనిపించి, మెట్ల కటకటాలకు సైకిలు క్లిప్పులతో మైకులు బిగించి, బృందం చేత చెక్క మెట్లను తొక్కించాడు. అంతకు రెండేళ్ల ముందు అదే ఇంట్లో తయారైన ‘టెల్‌స్టార్’ అటు బ్రిటన్‌లోనూ ఇటు అమెరికాలోనూ మొదటి స్థానానికి చేరింది.

1979లో టియాక్ కంపెనీ మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు ఎక్కించే పోర్టాస్టూడియోను తెచ్చాక ఇంటి రికార్డింగు ఖర్చు బాగా తగ్గింది. 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని అద్దె ఇంట్లో ఆ యంత్రానికి రెండు షూర్ ఎస్‌ఎం57 మైకులు తగిలించి, గిటారు వాయిస్తూ కొత్త పాటలు పాడాడు. బృందానికి నేర్పడానికి చేసుకున్న నమూనా అది. తరువాత స్టూడియోలో బృందంతో ప్రయత్నిస్తే ఆ పాటల్లోని ఒంటరితనం పోయింది. చివరికి జేబులో వేసుకు తిరిగిన ఆ క్యాసెట్ నుంచే, అచ్చు వేయడానికి ఇంజనీర్లు నానా తిప్పలు పడ్డాక, అదే ఏడు సెప్టెంబరు 30న ‘నెబ్రాస్కా’ ఆల్బమ్ విడుదలైంది.