హైదరాబాద్ నాన్: దర్బారు కథలు, తందూరు పని

హైదరాబాద్ రొట్టెల చరిత్రను చెప్పేవారు సాధారణంగా అసఫ్ జాహీ వంశం పుట్టుకతోనే మొదలుపెడతారు. 1724లో దక్కన్‌లో స్వతంత్రాధికారాన్ని నెలకొల్పిన నిజాం-ఉల్-ముల్క్ అంతకుముందు ఒక సూఫీ గురువును దర్శించినప్పుడు, ఆయన పసుపు గుడ్డలో చుట్టిన కుల్చాలు, అంటే మైదాతో చేసే గుండ్రని రొట్టెలు, పెట్టాడనీ, ఆకలిగొన్న అతిథి ఏడింటిని తినగా అతని వంశం ఏడు తరాలు ఏలుతుందని దీవించాడనీ ఐతిహ్యం. పసుపు రంగు అసఫ్ జాహీ పతాకం మధ్య కనిపించే గుండ్రని గుర్తు ఆ కుల్చాయేనని కూడా ఈ కథే చెబుతుంది. ఇంత ఘనంగా పతాకానికెక్కిన రొట్టెను కాల్చిన చేతులు ఎవరివో మాత్రం ఏ కథా చెప్పదు. హైదరాబాద్ రొట్టెల గురించిన జ్ఞాపకాలన్నిటిలోనూ ఈ లోటు ఉంది.

పాతబస్తీలోని పురానీ హవేలీ ప్రాంతంలో 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం ఇందుకు కొంత మినహాయింపు. నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో మున్షీగా, అంటే రాతకోతలు చూసే గుమాస్తాగా, పనిచేసిన మహమ్మద్ హుస్సేన్ దీన్ని స్థాపించాడు. అయితే ఇక్కడ కూడా రొట్టెకు దక్కింది కొలువు పేరే. నాలుగు మూలలుగా ఉండటం వల్ల ‘చార్‌కోని నాన్’ అని పిలిచే ఈ రొట్టెను కాల్చడంలో నాన్‌బాయికి, అంటే నాన్‌లు చేసి అమ్మే వృత్తిదారుకు, తూకం కంటే స్పర్శే ఎక్కువ ఆధారం. పులిసిన మైదా ముద్దను చదరంగా పరిచి, వెనకవైపు తడిచేసి, నిప్పు కణకణలాడే తందూరు లోపలి గోడకు ఒక్క విసురుతో అంటిస్తాడు. తడి చాలకపోతే రొట్టె జారి నిప్పుల్లో పడుతుంది, ఎక్కువైతే అడుగు సరిగా కాలదు. పైభాగం ఎర్రబడి ఉబ్బగానే రెండు ఇనుప చువ్వలతో, ఒకదానితో గోడనుంచి ఊడదీస్తూ రెండోదాని కొక్కేనికి తగిలించి, పైకి తీస్తాడు. తెల్లవారుజామున నహారీ, పాయా వంటి మాంసపు పులుసులతో కూలీలూ వ్యాపారులూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నది ఈ నాన్‌నే కాబట్టి, 1948లో నిజాం పాలన ముగిసినా దీనికి గిరాకీ తగ్గలేదు. దర్బారు ఆదరణ కంటే ఈ పొద్దుటి ఆకలే దాన్ని నిలబెట్టిందని చెప్పడం న్యాయం.

తీపీ ఉప్పూ కలిసిన ఉస్మానియా బిస్కెట్టు విషయంలోనూ ఇదే జరిగింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరిట వెలసిన ఉస్మానియా ఆసుపత్రి రోగులకోసం దీన్ని తయారుచేశారని కొందరు, నిజాం స్వయంగా ఇష్టపడ్డాడని కొందరు అంటారు. మొహర్రం నెలలో రవ్వ, నెయ్యి, చక్కెర, ఎండు ఫలాలతో భట్టీలో కాల్చే దమ్ కా రోట్‌కు కూడా, మనవడి క్షేమంకోరి ఏడో నిజాం చార్మినార్ సమీపంలోని నాల్-ఎ-ముబారక్ అలంకు, అంటే మొహర్రంలో నిలిపే పీరుకు, సమర్పించాడన్న కథ ముడిపడి ఉంది. నిజాంల ప్రస్తావన లేకుండా ఈ వంటకాల పుట్టుకను చెప్పడం రానంతగా నగరం ఈ కథలకు అలవాటుపడింది. ఆ బిస్కెట్టును ఇంటింటి వస్తువుగా మార్చింది మాత్రం ఇరానీ హోటళ్లు. పంతొమ్మిదో శతాబ్దం చివరినుంచి ఇరాన్‌నుంచి వలస వచ్చినవారు నడిపిన ఈ చాయ్ దుకాణాల్లో గంటలకొద్దీ కూర్చోవడానికి ఒక చాయ్, రెండు బిస్కెట్లు సరిపోయేవి.

ఇప్పుడు కట్టెల భట్టీల స్థానంలో గ్యాస్, కరెంటు పొయ్యిలు వస్తున్నాయి. వేడిముందు గంటలకొద్దీ నిలబడే ఈ పనిని తమ పిల్లలు చేపట్టాలని పనివాళ్లే కోరుకోవడం లేదు, అందుకు వారిని తప్పుపట్టలేం. తందూరు మట్టిని ఎలా కలుపుతారో, ఏ కాలంలో పిండిని ఎంతసేపు పులియబెడతారో, ఏ రొట్టె ఏ వేడికి పడుతుందో కాగితంమీద లేదు, ముసలి నాన్‌బాయీలకే తెలుసు. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు వారి మాటలను వారి పేర్లతో సహా వెంటనే నమోదు చేయించాలి.