కెంపుకీ నీలానికీ నిజంగా పడదా?

ఈ ఎపిసోడ్‌లో రెండు రాళ్ల గురించి మాట్లాడుకుందాం. ఒకటి కెంపు, మాణిక్యం అన్నా అదే. రెండోది నీలం.

జ్యోతిష్యం చెప్పేవాళ్లని అడగండి, ఈ రెండూ కలిపి పెట్టుకోవద్దనే అంటారు. కెంపు సూర్యుడిది. బంగారంలో చేయించి ఆదివారం ఉంగరం వేలికి పెట్టుకోవాలి. నీలం శనిది. శనివారం, మధ్య వేలికి. శని సూర్యుడి కొడుకే, కానీ తండ్రీకొడుకులకి అస్సలు పడదు. మేషం సూర్యుడికి ఉచ్చ అయితే శనికి నీచ. తులలో సీన్ రివర్స్. పైగా నీలం అంటే మనవాళ్లకి భయం. మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని, పీడకలలు రాకపోతేనే వేలికి ఎక్కిస్తారు.

ఇప్పుడు ల్యాబ్‌లో చూద్దాం. రెండూ ఒకటే రాయి! ఖనిజం పేరు కొరండం. అల్యూమినియం, ఆక్సిజన్, అంతే. మోస్ స్కేల్ మీద గట్టిదనం రెండింటికీ 9 (వజ్రానికి 10). రెండూ అంతే పరిమాణం నీళ్ల కంటే సుమారు 4 రెట్లు బరువు. కాంతిని వంచే లెక్క కూడా రెండింటికీ 1.76 నుంచి 1.77. మరి తేడా? కొంచెం క్రోమియం చేరితే ఎరుపు, ఐరన్, టైటానియం కలిసి చేరితే నీలం. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే కోడ్ అంతా సేమ్, ఒక్క కలర్ వేల్యూ మారింది.

కొరండం అనే మాట కూడా ఇక్కడి నుంచి వెళ్లిందే. తమిళంలో కురుందం, సంస్కృతంలో కురువిందం. మన ఖమ్మం జిల్లాలోనూ ఈ ఖనిజం దొరుకుతుంది.

అసలు కిక్ ఇచ్చేది గరుడ పురాణం. అందులో రత్నపరీక్ష అధ్యాయాలు ఉన్నాయి. బలాసురుడి ఒంటి నుంచి రత్నాలు పుట్టిన కథ అది. వాడి రక్తాన్ని సూర్యుడు తీసుకెళ్తుంటే రావణుడు అడ్డుపడ్డాడు, అది సింహళంలో ఒక నదిలో పడి పద్మరాగాలు అయ్యింది. కళ్లు కూడా ఆ సింహళంలోనే పడి ఇంద్రనీలాలు అయ్యాయి. అంటే ఒకే ఒళ్లు, ఒకే దేశం. శ్రీలంకలో నిజంగానే ఈ రెండూ దొరుకుతాయి, అది వేరే విషయం. కథ కంటే ముఖ్యమైన ముక్క ఇంకోటుంది. పద్మరాగానికి ఏ పరీక్షలు చేస్తారో ఇంద్రనీలానికీ అవే చేయాలి, ధరిస్తే వచ్చే ఫలితాలూ అవే అంటుంది. మైక్రోస్కోప్ లేని రోజుల్లో రాసిన మాట ఇది!

గ్రహానికో రాయి చొప్పున పంచిన జాబితా 15వ శతాబ్దపు జాతక పారిజాతంలో కనిపిస్తుంది. నన్నడిగితే, గొడవ గ్రహాల మధ్య ఉంది, దాన్ని తెచ్చి రాళ్లకి అంటించారు.

1902లో ఫ్రాన్స్‌లో ఆగస్ట్ వెర్నోయ్ అనే కెమిస్ట్ అల్యూమినా పొడిని మంటలో కరిగించి కెంపు తయారీ పద్ధతిని ప్రకటించాడు. తర్వాత నీలం కోసం కోబాల్ట్ కలిపితే వేరే రాయి, స్పినెల్ వచ్చింది. ఐరన్, టైటానియం కలిపాకే నీలం వచ్చింది. మీ తాతగారి పాత హెచ్‌ఎంటీ వాచీ మీద 17 జ్యువెల్స్ అని ఉంటుంది చూడండి, అవి ఇలాంటి ల్యాబ్ కెంపులే. ఐఫోన్ కెమెరా మీద ఉండే కవర్ ల్యాబ్‌లో పెంచిన సఫైర్. దానికి రంగు ఉండదు. జాతకం చూసి ఫోన్ కొన్నవాళ్లని నేనైతే చూడలేదు.

ఉద్యోగం రావట్లేదని ఈఎంఐ పెట్టి మరీ రాయి కొనేవాళ్లున్నారు, అందుకే ఇదంతా చెప్తున్నా. కొంటే ల్యాబ్ సర్టిఫికెట్ అడగండి. కెంపుదైనా నీలానిదైనా ఖనిజం దగ్గర కొరండం అనే ఉంటుంది. దాని కింద ట్రీట్‌మెంట్ అనే లైన్ చదవండి. వేడి చేశారా, పగుళ్లలో సీసం గాజు నింపారా అన్నది అక్కడ తెలుస్తుంది. గాజు నింపిన కెంపు చూడ్డానికి బాగానే మెరుస్తుంది, కానీ నిమ్మరసం తగిలినా ఆ గాజు తినేసి పగుళ్లు బయటపడతాయి.