బీడీ మీదికి నెట్టేసిన దుమ్ము



పని వల్ల క్యాన్సర్ వస్తుందని 1775లో లండన్ సర్జన్ పర్సివల్ పాట్ రాశాడు. పొగగొట్టాలు ఊడ్చేవాళ్ల వృషణాల తిత్తి మీద లేచే పుండు క్యాన్సరేనని, కారణం మసేనని చెప్పాడు. ఆ ఇరుకు గొట్టాల్లోకి ఎక్కించింది బీద పిల్లల్ని. పుండు లేచేది పెద్దయ్యాక. ఈ ఆలస్యాన్ని గుర్తు పెట్టుకోండి.

మన దగ్గర బెల్లంపల్లికి 1927లో, రామగుండానికి 1961లో సింగరేణి తవ్వకాలు వచ్చాయి. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపినవాళ్లలో మాల, మాదిగలు ఎక్కువ. బొగ్గు పొడి క్యాన్సర్ తెస్తుందనడానికి రుజువు చాలదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో చెప్పింది. ఈ ముక్క పట్టుకుని ఊరుకునేవాళ్లున్నారు. అదే ఏడు అదే సంస్థ స్ఫటిక సిలికాను మొదటి గ్రూపులో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైనట్టు. బాయిలో రాతి పైకప్పుకు డ్రిల్లు పెడితే లేచేది అదే. డీజిల్ పొగ 2012లో ఆ గ్రూపులో చేరింది.

ఇక కరీంనగర్ గ్రానైట్. 'టాన్ బ్రౌన్' పేరుతో విదేశాలకు పోయే రాయి. అందులోని క్వార్ట్జ్ సిలికానే. డ్రిల్లుకు నీళ్లు పెడితే దుమ్ము చాలావరకు అణుగుతుంది. పొడిగా కొడితే కంటికి ఆనని రేణువులు ఊపిరితిత్తుల అడుగుకు పోయి అక్కడే ఉండిపోతాయి. ఏండ్ల తరబడి వాపు, మచ్చ, మళ్లీ వాపు. సిలికోసిస్ అంటే ఇదే. టీబీ తేలిగ్గా పట్టుకుంటుంది. క్యాన్సర్ బయటపడేసరికి ఇరవై, ముప్పై ఏండ్లు పట్టొచ్చు.

అప్పటికి మేస్త్రీ ఉండడు, కాంట్రాక్టరు ఉండడు, మస్టర్ దొరకదు. ఆస్పత్రిలో అడిగేది ఒక్కటే: "బీడీ తాగుతవా?" తాగుతడు. చీటీ మీద బీడీ ఎక్కుతుంది, క్వారీ ఎక్కదు. బీడీ, సిలికా కలిస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుందే తప్ప దుమ్ము తప్పు మాసిపోదు.

చట్టం ఈ ఆలస్యాన్ని ఊహించకపోలేదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1952 గనుల చట్టం 25వ సెక్షన్ చూడండి. గనిలో ఇప్పుడు చేస్తున్నవాళ్లకే కాదు, ఒకప్పుడు చేసినవాళ్లకు నోటిఫై చేసిన జబ్బు ఉందని అనిపించినా డాక్టరు చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని రాశారు. ఆ జబ్బుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉండేది. క్వారీ కూడా ఆ చట్టం కింద గనిగానే ఉండేది. కటింగ్, పాలిషింగ్ యూనిట్లకు 2025 నవంబరు దాకా వర్తించిన ఫ్యాక్టరీల చట్టం జాబితాలో 1987 సవరణతో వృత్తి క్యాన్సర్ చేరింది.

మీ వాడలో దగ్గుతున్న పెద్దమనుషుల దగ్గర కూర్చోండి. ఏ బాయి, ఏ క్వారీ, ఏ పని, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, నీళ్లు పెట్టి కొట్టారా, పొడిగా కొట్టారా? అన్నీ రాసుకోండి. ఆస్పత్రికి పోయినప్పుడు ఆ కాగితం వెంట తీసుకుపోయి, బీడీ పక్కన పని కూడా రాయమని డాక్టరుని అడగండి.