మా తాత పటం నేర్పిన లెక్క

మాది కోలారు బంగారు గనుల ఊరు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ పని మొదలుపెట్టింది. 1902లో శివనసముద్రం నుంచి మా గనులకు కరెంటు వచ్చింది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. పుస్తకాల్లో చరిత్ర ఇంతే. మిగతాది మా ఇంట్లో ఒక చిన్న ఫోటోలో ఉంది.

గని మూసే ముందు తాతతో పనిచేసిన పదకొండుమంది ఒకే వరుసలో నిలబడి తీయించుకున్న ఫోటో అది. ఎడమ చివర తాత, కుడి చివర ఆయన జతగాడు. ఇద్దరూ ఇప్పుడు లేరు. పోయిన ఏడాది అవ్వ "దీన్ని పెద్దది చేయించి పటం కట్టించండి" అన్నది. నెగటివు తీసుకొని నాయనా నేనూ రాబర్ట్‌సన్‌పేటలో పటాలు కట్టే అంగడికి పోయినాము.

అంగడాయన 10×8 అంగుళాల రెడీమేడ్ ఫ్రేము చూపించి, "దీంట్లో పెడితే రెండు చివర్లూ కొంచెం పోతాయి" అన్నాడు. ఎందుకు పోతాయో ఇంటికొచ్చి లెక్క వేశాను.

1925లో జర్మనీలో అమ్మకానికి వచ్చిన లైకా కెమెరాతో 36×24 మిల్లీమీటర్ల నెగటివు పేరు పొందింది. దాని నిష్పత్తి 3:2. మన 6×4 ఫోటోదీ, 12×8 ఫోటోదీ అదే నిష్పత్తి. కానీ 10×8 నిష్పత్తి 5:4. కాబట్టి 12 అంగుళాల్లో 2 అంగుళాలు కోయాలి, పక్కకు ఒక్కో అంగుళం. ఆ 12 అంగుళాల్లో పదకొండుమంది ఉన్నారు. అంటే ఒక్కో మనిషికి సుమారు ఒక అంగుళం! ఇటు తాత పోతాడు, అటు ఆయన జతగాడు పోతాడు.

అవ్వకు చెప్తే, "చివర నిలబడిన పాపానికి మనిషిని కోస్తారా?" అన్నది.

మళ్లీ అంగడికి పోయినాము. ఈసారి ఫోటోను 12×8గానే ఉంచి, చుట్టూ 2 అంగుళాల అట్ట అంచు పెట్టించాము. అద్దం 16×12 అయింది. దాని చుట్టుకొలత 56 అంగుళాలు. కానీ చెక్క అంత చాలదు. చెక్క వెడల్పు అంగుళం కాబట్టి బయటి కొలత 18×14, చుట్టుకొలత 64. నాలుగు ముక్కలనూ రెండు చివర్లా 45 డిగ్రీల వాలుగా కోస్తారు. 45, 45 కలిస్తే 90, అదే మూల. ఎనిమిది కోతల్లో ఒక్కోటి ఒక్క డిగ్రీ తప్పినా చివరి మూలలో పెద్ద సందు పడుతుంది.

మేకులు కొట్టే ముందు అంగడాయన అద్దం కూర్చునే చోట మూల నుంచి మూలకు టేపు పట్టాడు. రెండు వైపులా సరిగ్గా 20 వచ్చింది. 16 వర్గం 256, 12 వర్గం 144, కలిపితే 400. బౌధాయనుడు శుల్బసూత్రాల్లో చెప్పింది, మనం పైథాగరస్ పేరుతో చదివేది ఇదే. ఆయన ఆ పేర్లు చెప్పలేదు. "రెండూ సమానంగా వస్తే వంకర లేనట్టు" అన్నాడు, అంతే.

ఇప్పుడు పటం మా గోడమీద ఉంది, పదకొండుమందీ ఉన్నారు. వెనక అట్టమీద వాళ్ల పేర్లు రాద్దామని అవ్వను అడిగాను. ఏడుగురి పేర్లే చెప్పగలిగింది. మిగతా నలుగురి కోసం ఊళ్లో పెద్దవాళ్లను అడుగుతున్నాను. మిత్రులారా, మీ ఇంట్లో కూడా ఇలాంటి ఫోటో ఉంటే పెద్దవాళ్లు ఉండగానే పేర్లు రాసిపెట్టుకోండి. కొలత తప్పితే ఇంకో ఫ్రేము కట్టించుకోవచ్చు. పేరు పోతే మళ్లీ రాదు.