కార్జమున క్రొవ్వు పుట్టుట

నూకలు మాత్రమే మేసిన కోడికి క్రొవ్వు ఎట్లు పట్టును? ప్రశ్న చిన్నది, కాని ఐరోపా పండితులు దీనికై చాలకాలము వాదులాడిరి. జంతువు క్రొవ్వును సృష్టింపజాలదనియు, మొక్కలనుండి గ్రహించినదానినే దాచుకొనుననియు ఫ్రాన్సుదేశమున డ్యూమా పండితుడు వాదించెను. పిండిపదార్థమే శరీరమున క్రొవ్వుగా మారుచున్నదని 1842లో జర్మనీ రసాయనశాస్త్రవేత్త లీబిగ్ చాటెను.

ఈ తగవును తీర్చినది త్రాసు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ క్షేత్రమున లాస్, గిల్బర్టు అనువారు పందులకు ధాన్యము పెట్టి పెంచి, మేతలోని క్రొవ్వును, దేహమున చేరిన క్రొవ్వును తూచి చూచిరి. చేరినది మేతలోనిదానికి నాలుగింతలు మించెను. లీబిగ్ మాటయే నిలిచెను.

మరి ఆ మార్పు జరుగు చోటేది? అట్టి చోట్లలో కాలేయము, అనగా కార్జము, ముఖ్యమైనది. అందు ఎంజైములను మాంసకృత్తులు పనివాండ్రవలె మెలగుచు, చక్కెరనుండి పుట్టిన చిన్న తునుకలను వరుసగా అతికి క్రొవ్వుగా కూర్చును.

పిదప వింతయైన సంగతి బయల్పడెను. 1950 దశకమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చైకాఫ్ బృందమువారు ఎలుకలపై పరీక్షింపగా, ఆహారమున క్రొవ్వు చేరినపుడు కార్జము తాను క్రొవ్వు చేయుట తగ్గించెను. లినోలెయిక్ ఆమ్లము కొరవడిన చిట్టెలుకలలో ఆ ఎంజైముల బలము పెరుగుననియు, దానిని తిరిగి ఇచ్చినచో తగ్గుననియు 1965లో ఆల్‌మన్, గిబ్సన్ అనువారు చూపిరి. గడ్డకట్టు క్రొవ్వులకు ఈ అణచు శక్తి అంతగా లేదని తరువాత తేలెను. నువ్వుల నూనెలో ఆ ఆమ్లము ఇంచుమించు ఐదింట రెండు పాళ్లుండును, నేతిలో బహుస్వల్పము.

ఈ ఎంజైములను పుట్టింపుమని జీవకణమునకు ఆజ్ఞ యిచ్చు మాంసకృత్తును 1990 దశకమున అమెరికాలోని పరిశోధకులు గుర్తించిరి. అన్నము, బెల్లము అధికమైనపుడు రక్తమున ఇన్సులిన్ పెరిగి ఆ ఆజ్ఞ బలపడును. లినోలెయిక్ ఆమ్లమువంటివి దానిని సడలించును.

ఇంతమాత్రమున నూనె త్రాగినచో సన్నబడుదుమని తలంపరాదు. నూనెయు క్రొవ్వే, మిగిలినది దేహమున చేరక మానదు. పై పరీక్షలలో పెక్కు ఎలుకలపై జరిగినవనియు మరువరాదు. అయినను ఒక సంగతి స్పష్టము. నెయ్యి, నూనెలు మానినంతనే క్రొవ్వు మానదు. అన్నము, తీపి మితిమీరినచో కార్జము తానే దానిని చేసికొనును. కావున ఇంటి వంటకు మేర నిర్ణయించు పెద్దలు నేతిగిన్నెనే గాక, అన్నపురాశిని, బెల్లపు దిమ్మను కూడ లెక్కింపవలెను.