మార్పులు చేసిన కార్లకు స్మాగ్ పరీక్ష (కాలిఫోర్నియా)

'''స్మాగ్ చెక్''' అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మోటారు వాహనాలకు తప్పనిసరిగా జరిపే ఉద్గారాల పరీక్ష. పొగను, పొగమంచును సూచించే రెండు ఆంగ్ల పదాల కలయికతో స్మాగ్ అనే మాట పుట్టింది. 1984 మార్చిలో ప్రారంభమైన ఈ పరీక్షను రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు చెందిన బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ (సంక్షిప్తంగా బార్) పర్యవేక్షిస్తుంది. రాష్ట్రంలోని అధిక భాగంలో కార్లను రెండేళ్లకొకసారి పరీక్షించాలి. పరీక్ష నెగ్గిన ధ్రువపత్రం లేనిదే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ జరగదు. కారు లేనిదే ఉద్యోగానికి వెళ్లడం కష్టమైన ఈ రాష్ట్రంలో పరీక్ష తప్పడమంటే చిన్న విషయం కాదు.

ఇంజనును గానీ, దాని అనుబంధ భాగాలను గానీ మార్చుకొన్న కార్లకు ఈ పరీక్ష మరింత చిక్కైనది. గొట్టం చివర వెలువడే వాయువులు ఎంత శుభ్రంగా ఉన్నా, అమర్చిన భాగానికి ప్రభుత్వ అనుమతి లేకపోతే కారు తప్పినట్లే లెక్క. చాలామంది యజమానులకు ఈ సంగతి పరీక్ష కేంద్రంలోనే మొదటిసారి తెలుస్తుంది.

== నేపథ్యం ==

1943 జులైలో లాస్ ఏంజెలెస్ నగరాన్ని కళ్లు మండించే దట్టమైన పొగ కమ్మివేసింది. మొదట అలీసో వీధిలోని కృత్రిమ రబ్బరు ముడిసరుకు కర్మాగారాన్ని అనుమానించారు. దానిని మూసినా పొగ తగ్గలేదు. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో అనాస పండు సువాసనపై పరిశోధన చేస్తున్న డచ్చి దేశీయుడైన రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్ 1950వ దశకం తొలి సంవత్సరాలలో అసలు కారణాన్ని కనుగొన్నాడు. కార్లు, చమురు శుద్ధి కర్మాగారాల నుండి వెలువడే హైడ్రోకార్బన్లు, నత్రజని ఆక్సైడులు సూర్యరశ్మిలో చర్య జరిపి ఓజోనుగా మారుతున్నాయని ఆయన నిరూపించాడు. చుట్టూ కొండలున్న లాస్ ఏంజెలెస్ లోయలో ఆ గాలి కదలక నిలిచిపోతుంది.

1967లో కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు (కార్బ్) ఏర్పడింది. హాగెన్-స్మిట్ దానికి తొలి అధ్యక్షుడు. 1975 మోడల్ కార్లనుండి కేటలిటిక్ కన్వర్టర్ల వాడకం విస్తృతమైంది. అయితే కొత్త కారు శుభ్రంగా ఉంటే చాలదు, పాతబడినా అలాగే ఉండాలి. కొందరు యజమానులు శక్తి పెరుగుతుందని కన్వర్టరును తీసివేసేవారు. స్మాగ్ చెక్ రావడానికి గల కారణాలలో ఇదొకటి.

== ఏ కార్లకు వర్తిస్తుంది ==

1975, అంతకు ముందటి మోడల్ పెట్రోలు కార్లకు మినహాయింపు ఉంది. ఒకప్పుడు 30 ఏళ్లు నిండిన ప్రతి కారుకూ మినహాయింపు లభించేది. 2005లో ఆ పద్ధతిని ఆపి 1975 వద్ద గీత గీశారు. అందువల్ల 1976 నాటి కారు అర్ధశతాబ్దం నాటిదైనా నేటికీ రెండేళ్లకొకసారి పరీక్షకు నిలబడవలసిందే. పాత కార్ల ప్రియులకు ఇది తీరని బాధ. 1997, అంతకు ముందటి డీజిలు వాహనాలు, విద్యుత్ కార్లు, మోటారు సైకిళ్లు పరీక్ష పరిధిలోకి రావు. ఎనిమిది మోడల్ సంవత్సరాలు దాటని పెట్రోలు కార్లకు పరీక్షకు బదులు ఏటా రుసుము వసూలు చేస్తారు.

== పరీక్ష విధానం ==

పరీక్షలో మూడు అంశాలున్నాయి. మొదటిది కంటి పరీక్ష. సాంకేతిక నిపుణుడు బానెట్టు ఎత్తి, కారు తయారైనప్పుడు ఉన్న కాలుష్య నియంత్రణ భాగాలన్నీ ఉన్నాయా, ఏవైనా మారాయా అని చూస్తాడు. రెండవది ఆ భాగాలు పనిచేస్తున్నాయా అన్నది: ఇగ్నిషన్ టైమింగు, పెట్రోలు ట్యాంకు మూత, పాత కార్లలో ఆవిరి బయటకు పోకుండా చూసే ఏర్పాటు వంటివి. మూడవది ఉద్గారాల కొలత, లేదా కారులోని కంప్యూటరు తనిఖీ.

1976 నుండి 1999 వరకు వచ్చిన పెట్రోలు కార్లను, కాలుష్యం ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో, చక్రాల కింద తిరిగే దొర్లుడు యంత్రంపై నడిపి చూస్తారు. గంటకు 15 మైళ్ల వేగంలో ఒకసారి, 25 మైళ్ల వేగంలో మరొకసారి హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడు, నైట్రిక్ ఆక్సైడు కొలుస్తారు. 2000, ఆ తరువాతి మోడళ్లకు 2015 నుండి గొట్టంలో గొట్టం పెట్టే పద్ధతి లేదు. కంప్యూటరుకు తీగ తగిలించి సమాచారం చదువుతారు. కంటి పరీక్ష మాత్రం ఉంటుంది.

కొలతల చీటీ చదవడం తెలిసిన మెకానిక్కుకు అది రోగి నాడి వంటిది. కార్బన్ మోనాక్సైడు ఎక్కువైతే ఇంజనుకు పెట్రోలు అధికంగా అందుతోందని అర్థం. నైట్రిక్ ఆక్సైడు ఎక్కువైతే మిశ్రమంలో పెట్రోలు తక్కువై, లేదా టైమింగు ముందుకు జరిగి, లేదా ఈజీఆర్ వాల్వు మూసుకుపోయి దహన గదిలో వేడి పెరిగి ఉండవచ్చు. పందెపు కార్ల తరహా క్యామ్‌షాఫ్ట్ వేసిన ఇంజనులో రెండు రకాల వాల్వులు ఎక్కువసేపు ఏకకాలంలో తెరచి ఉండడం వలన కాలని పెట్రోలు బయటకు పోయి, తక్కువ వేగంలో హైడ్రోకార్బన్లు పెరుగుతాయి. మూడూ కలిసి పెరిగితే ముందుగా అనుమానించవలసింది అరిగిపోయిన కన్వర్టరును.

== అనుమతి సంఖ్య ==

రాష్ట్ర వాహన చట్టంలోని 27156వ విభాగం కాలుష్య నియంత్రణ వ్యవస్థ పనితీరును మార్చే భాగాలను నిషేధిస్తుంది. అయితే ఒక భాగం వల్ల ఉద్గారాలు పెరగవని తయారీదారు పరీక్షలతో రుజువు చేస్తే, కార్బ్ దానికి ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (ఈ.ఓ.) అనే అనుమతి ఇస్తుంది. గాలి పీల్చే గొట్టం, టర్బోచార్జరు, సూపర్‌చార్జరు, హెడర్లు, కంప్యూటరు ట్యూనింగు మొదలైన వాటన్నిటికీ ఈ సంఖ్య ఉండాలి. అది ఏ కారుకు, ఏ మోడల్ సంవత్సరానికి, ఏ ఇంజనుకు చెల్లుతుందో అనుమతి పత్రంలోనే ఉంటుంది. పొరుగు మోడలుకు ఇచ్చిన సంఖ్య పనికిరాదు. కొన్నప్పుడు వచ్చిన అంటింపు చీటీని పారేసుకొన్నవారు పరీక్ష నాడు చిక్కుల్లో పడతారు.

కేవలం పందేలకు అని ముద్రించి అమ్మే భాగాలు రోడ్డు కార్లకు చెల్లవు. కన్వర్టరు తరువాత వచ్చే సైలెన్సరు, గొట్టాలను మార్చుకోవడానికి మాత్రం అనుమతి సంఖ్య అవసరం లేదు (వాటి శబ్దానికి వేరే చట్టం ఉంది). బయటి కంపెనీ కన్వర్టరును అమర్చితే దానికి తప్పక ఈ.ఓ. ఉండాలి. 2009 నుండి ఈ నిబంధన కఠినమైంది, ధర కూడా పెరిగింది.

== ఇంజను మార్పిడి ==

కారులో వేరే ఇంజను దించడం నిషిద్ధం కాదు. అయితే కొత్తగా దించే ఇంజను కారు మోడల్ సంవత్సరానిదే, లేదా తరువాతిదే అయి ఉండాలి. ప్రయాణికుల కారులో భారీ ట్రక్కు ఇంజను పనికిరాదు. ఆ ఇంజనుతో తయారీ నాడు వచ్చిన నియంత్రణ భాగాలన్నీ వెంట రావాలి.

ఉదాహరణకు 1995 హోండా సివిక్‌లో 2000 నాటి అక్యూరా ఇంటెగ్రా ఇంజను పెట్టవచ్చు. అప్పుడు ఆ ఇంజను కంప్యూటరు, ఆక్సిజన్ సెన్సర్లు, కన్వర్టరు, ఆవిరిని పట్టే డబ్బా, డాష్‌బోర్డుపై వెలిగే చెక్ ఇంజన్ దీపం వరకు అన్నీ అమర్చి పనిచేయించాలి. 1998 సివిక్‌లో 1994 ఇంజను పెట్టడం మాత్రం కుదరదు, ఎందుకంటే అది కారు కంటే పాతది. ఇంజను ఒక్కటే తక్కువ ధరకు దొరికిందని కొనుక్కొనేవారు నష్టపోయేది ఇక్కడే. చిన్న భాగాలన్నీ విడివిడిగా కొనేసరికి ఇంజను ఖరీదును మించిపోవచ్చు. మొత్తం పాడైన కారునే కొని అందులోని భాగాలన్నీ తీసుకోవడం మేలని అనుభవజ్ఞులు చెబుతారు.

ఇలాంటి కార్లను సాధారణ కేంద్రాలు ఆమోదించలేవు. రెఫరీ అనే ప్రత్యేక అధికారి వద్దకు వెళ్లాలి. రెఫరీ కేంద్రాలు అనేకం కమ్యూనిటీ కళాశాలలలో ఉన్నాయి. రెఫరీ పరిశీలించి కారుకు ఒక చీటీ అంటిస్తాడు. తరువాతి సంవత్సరాలలో సాధారణ కేంద్రాలు దాని ఆధారంగా పరీక్షిస్తాయి. సొంతంగా నిర్మించిన కార్లకు 2001లో వచ్చిన చట్టం కింద ఏడాదికి 500 వరకు ప్రత్యేక ధ్రువపత్రాలు ఇస్తారు.

== కంప్యూటరు తనిఖీ ==

1996 నుండి వచ్చిన కార్లలో కంప్యూటరు తన భాగాలను తానే పరీక్షించుకొంటుంది. బ్యాటరీ తీసివేసినా, లోప సంకేతాలను చెరిపివేసినా ఈ స్వీయ పరీక్షలు మళ్లీ మొదటికి వస్తాయి. 2000, ఆ తరువాతి పెట్రోలు కార్లలో ఆవిరి వ్యవస్థకు సంబంధించినది తప్ప మిగిలినవన్నీ పూర్తయి ఉండాలి. కాబట్టి మరమ్మతు చేయించిన మరుసటి క్షణమే పరీక్షకు వెళ్లడం వృథా. కొన్ని రోజులు ఊరి రోడ్లపై, హైవేపై నడిపి వెళ్లాలి.

2021 జులై 19 నుండి కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు తయారీదారు ఇచ్చినదేనా, లేక ఈ.ఓ. ఉన్నదేనా అని కూడా చూస్తున్నారు. అనుమతి లేని ట్యూనింగు దొరికితే కారు తప్పుతుంది. అసలు సాఫ్ట్‌వేరును తిరిగి వేయించుకోవాలి. కార్ల కంపెనీలే ఇటువంటి పని చేసిన ఉదంతం లేకపోలేదు: పరీక్ష జరుగుతున్నదని పసిగట్టి ఉద్గారాలను తగ్గించి చూపే సాఫ్ట్‌వేరును ఫోక్స్‌వాగన్ తన డీజిలు కార్లలో వాడినట్లు 2015 సెప్టెంబరులో బయటపడింది.

== మోసాలు ==

పరీక్ష తప్పే కారుకు బదులు మంచి కారు పొగను కొలిచి ధ్రువపత్రం ఇవ్వడం పాత మోసం. కంప్యూటరు పరీక్షలు వచ్చాక వేరే కారుకు, లేదా కారు సంకేతాలను అనుకరించే పరికరానికి తీగ తగిలించడం మొదలైంది. పట్టుబడిన కేంద్రాల లైసెన్సులను బార్ రద్దు చేస్తుంది. పరీక్ష రోజున అసలు భాగాలు బిగించి, నెగ్గాక మళ్లీ తీసివేసే యజమానులూ ఉన్నారు. ఇదీ చట్టవిరుద్ధమే.

== భారతదేశంతో పోలిక ==

కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగువారికి స్వదేశంలోని కాలుష్య ధ్రువపత్రం (పి.యు.సి.) పరిచితమే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం అది తప్పనిసరి. అక్కడ పెట్రోలు వాహనాలకు ప్రధానంగా కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు, డీజిలు వాహనాలకు పొగ సాంద్రత కొలుస్తారు. మార్పుల సంగతి వేరే చట్టం కిందకు వస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ విభాగం ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ హైకోర్టు తీర్పును పక్కన పెడుతూ, స్పష్టం చేసింది. సి.ఎన్.జి., ఎల్.పి.జి. కిట్లను ఆమోదం పొందినవైతే అమర్చుకొని, ఆ మార్పును రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించుకోవాలి.