గడప గడపకూ ఒక మాట

క్రైస్తవులు రోజుకొక వాక్యం చదివి ధ్యానించే పుస్తకాల్లో బాగా పాతదొకటి మొదట నోటిమాటే. 1722లో మతహింసకు తాళలేక మొరేవియా వదిలొచ్చినవాళ్ళు జర్మనీలో, జిన్‌జెన్‌డార్ఫ్ అనే ప్రభువు భూమిలో హెర్న్‌హూట్ ఊరు కట్టుకున్నారు. 1728 మే నెలలో ఆయన మరుసటి రోజుకని ఒక వాక్యం ఇచ్చాడు. ఆ తర్వాత ఏ రోజు వాక్యాన్ని ఆ రోజు ఇంటింటికీ వెళ్ళి చెప్పి, వాళ్ళ మంచిచెడ్డలు అడిగేవారు. 1731 నుంచి అది ఏటేటా పుస్తకంగా వస్తోంది.

ఊరు పోగొట్టుకున్నవాళ్ళను నిలబెట్టింది ఆ పలకరింపేనని నా నమ్మకం. మన పెద్దల మాటా నోటి నుంచి నోటికే వచ్చింది. రాయకపోతే వాళ్ళతోనే పోతుంది. రాసి ఊరుకుంటే కాగితం మీదే మిగులుతుంది. టీచర్లారా, రోజూ బడిలో పిల్లల ఇంటి భాషలో ఒక పెద్దల మాట చెప్పించి రాయించండి. మర్నాడు దాన్ని ఎలా పాటించారో అడగండి.